హెచ్‌ఐవీ మీద మా ఊళ్ళో షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం, కథ దగ్గరే ఆగిపోయాం

పల్నాటి_ఫ్రేమ్:

అందరికీ నమస్తే. మాది పల్నాడు జిల్లాలో మిరప బాగా వేసే ఊరు, నేను డిగ్రీ సెకండియర్. మా కాలేజీలో రెడ్ రిబ్బన్ క్లబ్ ఉంది, అంటే హెచ్‌ఐవీ గురించి విద్యార్థులకి అవగాహన కలిగించే క్లబ్. ఏటా డిసెంబర్ 1న, ఎయిడ్స్ దినం రోజు, ఒక ర్యాలీ తీస్తారు, ఫ్లెక్సీ పట్టుకుని ఫొటో దిగుతారు, అంతటితో సరి. ఈసారి మేం నలుగురం కలిసి ఒక షార్ట్ ఫిల్మ్ తీసి, కాలేజీ సెమినార్ హాల్లో కాకుండా మా ఊళ్ళోనే తెర కట్టి రాత్రిపూట వేద్దామని అనుకున్నాం. సార్ కూడా సరేనన్నారు.

కథ ఇదీ. ఒక లారీ డ్రైవర్ బయట తిరిగి జబ్బు తెచ్చుకుంటాడు, భార్యకి కూడా వస్తుంది, అతను మంచాన పడి చనిపోతాడు, ఆమె బిడ్డని ఎత్తుకుని ఊరు వదిలి వెళ్ళిపోతుంటే తెర మీద 'జాగ్రత్త' అని పడుతుంది. సార్‌కి బాగా నచ్చింది, ఏడుపొచ్చింది అన్నారు.

నాకు మాత్రం లోపల ఎక్కడో నచ్చట్లేదు. ఎందుకంటే మా ఊళ్ళో ఆ జబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి, ఎవరూ పైకి అనరు గానీ ఊరందరికీ తెలుసు. వాళ్ళ పిల్లలు కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంటారు కదా, సినిమా అంటే పిల్లలు ఆగుతారా. ఆ చివరి సీను వాళ్ళు ఎలా చూస్తారు? ఇదే మాట మా కెమెరా వాడితో అంటే, 'భయపెట్టకపోతే ఎవడు వింటాడ్రా' అంటాడు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ముందే ఒక మాట అడిగి రావడం మంచిదా? నిజమైన పేషెంట్‌తో మాట్లాడించి మొహం బ్లర్ చేస్తే బాగుంటుందని ఇంకొకడు అంటున్నాడు. మా దగ్గర ఉన్నది రెండు ఫోన్లు, ఒక ట్రైపాడ్. తెలిసినవాళ్ళు చెప్పండి.

కట్_చెప్పొద్దు:

తమ్ముడూ, కథ సంగతి నాకంటే తెలిసినవాళ్ళు చెప్తారు, నేను పెళ్ళిళ్ళకీ షార్ట్ ఫిల్ములకీ ఎడిటింగ్ చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. ఫోను చాలు. కెమెరా కోసం అప్పులు చెయ్యకండి, ఆ డబ్బు కాలర్ మైక్ మీద పెట్టండి. ఊళ్ళో షూటింగ్ అంటే కోళ్ళు, ట్రాక్టర్లు, గుడి మైకు, అన్నీ మీ డైలాగ్ మీదే ఉంటాయి. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచి వెళ్ళిపోతారు.

ఇంకోటి, ఫోన్‌లో చూసుకున్నప్పుడు అద్భుతంగా ఉన్న రాత్రి సీన్లు అద్దె ప్రొజెక్టర్‌తో తెల్లగుడ్డ మీద వేస్తే నల్లటి ముద్దలా కనిపిస్తాయి, వీధి దీపం ఒకటి పక్కన వెలుగుతుంటే ఇక అదీ ఉండదు. వీలైనంత వరకు పగలు తియ్యండి, పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. చివర్లో తెర మీద అక్షరాలు వేసి విషయం చెప్పే పని అసలు పెట్టుకోకండి. మీ ఊళ్ళో పెద్దవాళ్ళలో చదవలేనివాళ్ళు ఉంటారు, చదవగలిగినవాళ్ళకి కళ్ళద్దాలు ఉండవు. ఏం చెప్పాలన్నా పాత్ర నోటితోనే చెప్పించండి. ఎనిమిది నిమిషాలు దాటనివ్వకండి.

బ్లర్ గురించి ఒక్క మాట. మొహం బ్లర్ చేసినా గొంతు ఉంటుంది, చేతి గాజులు ఉంటాయి, వెనకాల గోడ ఉంటుంది. పక్క ఊరి వాడికి తెలియకపోవచ్చు, మీ ఊరి వాడికి రెండు సెకన్లలో తెలిసిపోతుంది.

కౌన్సెలింగ్_గది:

నేను ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష కేంద్రం) కౌన్సెలర్‌ని. అంటే హెచ్‌ఐవీ పరీక్షకి ముందూ తర్వాతా మనుషులతో కూర్చుని మాట్లాడేది మేమే. బాబూ, నీ అనుమానం సరైనదే, దాన్ని వదలకు.

మీ కథలో చూపిస్తున్నది మందులు అందని రోజుల సంగతి. 1986లో చెన్నైలో మన దేశంలో మొదటి కేసులు బయటపడ్డాక చాలా ఏళ్ళు అలాగే నడిచింది, నిజమే. కానీ 2004 నుంచి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మొదట్లో రక్తంలో రోగాలతో పోరాడే సీడీ4 కణాలు బాగా తగ్గితేనే మొదలుపెట్టేవాళ్ళం. 2017 నుంచి ఆ లెక్క లేదు, పాజిటివ్ అని తేలితే చాలు, ఇక ఆలస్యం చెయ్యకుండా మందు మొదలు. ఇప్పుడు ఎక్కువమందికి మూడు మందులు కలిపిన మాత్ర, రోజుకి ఒకటి. సరిగ్గా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకి కూడా అందనంతగా తగ్గిపోతుంది, ఆ స్థాయి నిలబడినంత కాలం లైంగికంగా వేరేవాళ్ళకి అంటదు. గర్భిణికి ముందే తెలిసి మందు వాడితే బిడ్డకి సోకే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువకి వస్తుంది. ఏ మందూ లేకపోతే అది నూటికి పదిహేను నుంచి నలభై అయిదు దాకా ఉంటుంది. ఈ రెండు సంగతులు మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడు. అందరికీ తెలిసిందల్లా 'వస్తే పోతారు' అన్న ఒక్కటే.

నా గదిలో రోజూ చూసేది చెప్తాను. పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు తలుపు దగ్గర నిలబడి ముందు వరండా అంతా చూస్తారు, తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉంటే వెనక్కి తిరిగి వెళ్ళిపోతారు, మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. వాళ్ళని ఆపుతున్నది జబ్బు కంటే ఎక్కువగా ఊరు. మీ సినిమా ఆ ఊరి భయాన్ని ఇంకొంచెం పెంచితే నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇంకొంచెం ఆలస్యంగా వస్తారు, అప్పటికి టీబీ కూడా పట్టుకుని ఉంటుంది.

ఆ ఇళ్ళకి వెళ్ళి అడగడం మాత్రం అస్సలు వద్దు. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఊరందరికీ తెలుసు కదా అనే మాట చెల్లదు.

బ్రాడీపేట_పాతకాపు:

కౌన్సెలర్ అమ్మగారు చెప్పినదాంట్లో తప్పు లేదు, కానీ రెండో పక్క కూడా వినాలి. 2000ల మొదట్లో మన రాష్ట్రంలో 'పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?' అని ఊరూరా హోర్డింగులు పెట్టారు, ఈ పిల్లలు అప్పటికి పుట్టి ఉండరు. ఎవరీ పులిరాజా అని టీ కొట్టు దగ్గర మాట్లాడుకున్నాం, బస్సులో మాట్లాడుకున్నాం, ఆడవాళ్ళ ముందు ఆ మాట ఎత్తని మా నాన్నగారు కూడా అన్నం తింటూ అడిగారు. ఎయిడ్స్ అనే మాటే పైకి రాని రోజుల్లో అది నోళ్ళు తెరిపించింది. ఇప్పటి కుర్రాళ్ళకి ఆ జబ్బు ఒకటుందనే స్పృహ కూడా లేదు. కండోమ్ వాడండి అంటే నవ్వుతారు. మందు ఉంది, ఏం కాదు, అని మాత్రమే చెప్తే 'అయితే పర్లేదు' అనుకోరా? కొంత భయం ఉండాల్సిందే అని నా అభిప్రాయం.

కౌన్సెలింగ్_గది:

అన్నగారూ, పులిరాజా నోళ్ళు తెరిపించిన మాట నిజం. కాకపోతే ఆ తర్వాత ఏమైందో కూడా మీకు గుర్తుండే ఉంటుంది, తిరుగుబోతు అని ఎవరినైనా ఏడిపించడానికి ఆ పేరే వాడారు. హెచ్‌ఐవీ ఉన్నవాడంటే తిరుగుబోతే అని జనం మనసులో ఇంకా గట్టిపడింది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువమంది భర్త తప్ప వేరే మగవాణ్ణి ఎరగనివాళ్ళు, వాళ్ళు కూడా ఆ ముద్ర మోస్తున్నారు.

కుర్రాళ్ళకి స్పృహ లేదన్న మాట మాత్రం ఒప్పుకుంటాను, అందుకే ఈ పిల్లల సినిమా కావాలి. 2021 జాతీయ అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 0.21 శాతం ఉంటే మన ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. మూడు రెట్లు! అయిపోయిన సమస్య కాదిది. జాగ్రత్త చెప్పాలి, కండోమ్ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. చావుని చూపించి చెప్పక్కర్లేదు అంటున్నానంతే.

రాత్రి_తొమ్మిది:

ఈ థ్రెడ్ రెండు రోజులుగా చూస్తున్నాను, రాయాలా వద్దా అని. నేను పుట్టుకతోనే పాజిటివ్. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను, పెళ్ళయింది, ఆయనకి నెగటివ్. నా వైరల్ లోడ్ రిపోర్టులో, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్షలో, చాలా కాలంగా 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' (వైరస్ కనపడలేదు) అనే వస్తోంది.

తమ్ముడూ, మీ కథలో చివర బిడ్డని ఎత్తుకుని ఆమె వెళ్ళిపోతుంది అన్నావు కదా. ఆ బిడ్డని నేనే. ఆ తర్వాత ఏమైందో ఏ సినిమాలోనూ చూపించరు. మా అమ్మమ్మ పెంచింది. మందు టైము తప్పకూడదని రాత్రి సీరియల్ అయిపోగానే మాత్ర చేతిలో పెట్టేది, చదువు రాని మనిషికి అదే గడియారం. ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్ళినప్పుడు మాత్రల సీసా సూట్‌కేసులో దాచుకునేదాన్ని. కొత్త సీసాలో మాత్రలు నిండుగా ఉంటే చప్పుడు రాదు, సగం అయ్యాక కదిపితే గలగలమంటుంది. అందుకని లోపల దూది కుక్కేదాన్ని, పైన లేబుల్ గోటితో గీకి తీసేసేదాన్ని. అయినా ఒకసారి లేబుల్ తియ్యకముందే ఒకమ్మాయి చూసింది, మందు పేరు ఇంటర్నెట్‌లో వెతికింది. మర్నాటి నుంచి నా గ్లాసు వేరు, నా బకెట్టు వేరు. వార్డెన్ పిలిచి నీ మంచికే అంటూ ఇంటికి వెళ్ళిపొమ్మంది. పరీక్షలు ఇంటి నుంచి వెళ్ళి రాశాను.

కాబట్టి నాకేం కావాలో చెప్తాను. డాక్టర్ రిపోర్టు తీసి మొహం పక్కకి తిప్పుకోవడం, వెనకాల ఉరుము, ఆ సీను వద్దు. మందు వేసుకునే మనిషి మామూలుగా బతకడం చూపించండి. కూర మాడిపోతుంది, బండి పంక్చర్ అవుతుంది, ఫోన్‌లో అలారం మోగుతుంది, మాత్ర వేసుకుంటుంది. మీ పక్కింట్లో ఇలాంటి మనిషి ఉండొచ్చు అనిపించాలి. సినిమాలో ఎవరైనా తప్పు చెయ్యాలి అనుకుంటే ఆ గ్లాసు వేరు పెట్టినవాళ్ళ చేత చేయించండి, వాళ్ళ మొహం మీద కెమెరా పెట్టండి. మీ ఊరివాళ్ళు వాళ్ళని వాళ్ళు చూసుకుంటారు.

నిజమైన పేషెంట్‌తో మాట్లాడించడం గురించి. ఆమె ఇవాళ సరే అనవచ్చు, కాలేజీ పిల్లలు వచ్చి బతిమాలితే కాదనలేక కూడా అనవచ్చు. యూట్యూబ్‌లో పెట్టాక పదేళ్ళ తర్వాత ఆమె కూతురికి సంబంధాలు వచ్చేటప్పుడు కూడా ఆ వీడియో అక్కడే ఉంటుంది. నటులతో తియ్యండి. స్క్రిప్టు మాత్రం మాలాంటి వాళ్ళకి చూపించండి. జిల్లాల్లో పాజిటివ్ నెట్‌వర్కులు, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంఘాలు, ఉన్నాయి, వేరే ఊరి వాళ్ళు అయితే మీకూ వాళ్ళకీ ఇబ్బంది ఉండదు. కావాలంటే నాకు మెసేజ్ పెట్టు, నేను చదువుతాను.

బ్రాడీపేట_పాతకాపు:

అమ్మా, నువ్వు రాసింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కండోమ్ సంగతి మాత్రం సినిమాలో ఉండాలని ఇప్పటికీ అంటాను.

రాత్రి_తొమ్మిది:

ఉండాలి బాబాయ్. మా ఇంట్లో కూడా వాడతాం.

తెర_వెనక:

నేను మాస్ కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇలాంటి సినిమాల మీద కొంత చదివాను, ఆఫ్రికాలో జరిగిన రెండు పనులు మీకు పనికొస్తాయి.

ఒకటి 'సినారియోస్ ఫ్రమ్ ఆఫ్రికా'. 1997లో సెనెగల్, మాలి, బుర్కినా ఫాసో దేశాల్లో మొదలుపెట్టారు. పాతికేళ్ళ లోపు పిల్లల్ని హెచ్‌ఐవీ మీద చిన్న సినిమాకి కథ రాయమన్నారు, గెలిచిన కథల్ని ఆఫ్రికాలో పేరున్న దర్శకులతో తీయించారు, ఇద్రిస్సా ఉద్రావొగో, అబ్దర్రహ్మానే సిస్సాకో స్థాయి వాళ్ళతో. తర్వాతి పోటీలు ఖండంలోని చాలా దేశాలకి పాకి లక్షమందికి పైగా పిల్లలు పాల్గొన్నారు. నాకు దాంట్లో నచ్చింది ఏంటంటే, సినిమా తయారు కాకముందే సగం పని అయిపోతుంది. కథ రాయాలంటే ఆ పిల్లవాడు తెలుసుకోవాలి, ఆరోగ్య కార్యకర్తని అడగాలి, స్నేహితులతో వాదించాలి. మీరు నలుగురూ ఈ వారం రోజుల్లో మాట్లాడుకున్నది కూడా అదే. కాబట్టి స్క్రిప్టు నలుగురే రాయకండి. మీ క్లాసులో అందరినీ ఒక్కో సీను రాయమనండి, ముఖ్యంగా అమ్మాయిల్ని. మీ పోస్టులో అమ్మాయిల మాటే లేదు.

రెండోది దక్షిణాఫ్రికాలో మొదలైన 'స్టెప్స్ ఫర్ ద ఫ్యూచర్'. 2000ల మొదట్లో ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని దేశాల వాళ్ళ చేత హెచ్‌ఐవీ మీద డాక్యుమెంటరీలు తీయించి, మొబైల్ సినిమా బండ్ల మీద ఊళ్ళకి తీసుకెళ్ళారు. వాటిలో ఒకటైన లెసోతో దేశపు కొండ ఊళ్ళలో అయితే ఆ బండితో పాటు పాజిటివ్ కుర్రాళ్ళు వెళ్ళేవారు. సినిమా అయ్యాక వాళ్ళు జనం ముందు నిలబడి మాకూ ఉంది, ఏం అడగాలన్నా అడగండి అనేవాళ్ళు. బొమ్మ అయిపోయాక జరిగే ఆ మాటల కోసమే అసలు అంత దూరం వెళ్ళింది. వాళ్ళు అన్నీ తెలిసి తమంతట తాము ముందుకొచ్చినవాళ్ళు, అది మర్చిపోకండి. మీ ఊళ్ళో ఎవరినీ అలా నిలబెట్టాలని చూడొద్దు. కౌన్సెలర్‌గారిలాంటి వాళ్ళు వస్తే చాలు.

మన దగ్గరా 2007లో మీరా నాయర్, విశాల్ భరద్వాజ్, ఫర్హాన్ అఖ్తర్, సంతోష్ శివన్ కలిసి హెచ్‌ఐవీ మీద నాలుగు చిన్న సినిమాలు తీశారు, స్టార్లు నటించారు. బాగానే తీశారు. కానీ మీ ఊరి భాష, మీ ఊరి గ్లాసు వాటిలో ఉండవు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు చదువు లేకపోయినా కెమెరా పట్టి తమ విత్తనాల గురించి, పొలాల గురించి సినిమాలు తీశారు. విషయం వేరు, కానీ ఎవరి సంగతి వాళ్ళు తీసుకుంటే ఎలా ఉంటుందో వాళ్ళని చూస్తే తెలుస్తుంది. వీలైతే ఒకసారి వెళ్ళి రండి.

పల్నాటి_ఫ్రేమ్:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరు రాసింది మా నలుగురం కూర్చుని చదివాం. భయపెట్టాలి అన్నవాడే ముందు కథ మార్చేద్దాం అన్నాడు.

కొత్త కథ ఇలా అనుకుంటున్నాం. హైదరాబాద్‌లో పని చేసే కుర్రాడు సంక్రాంతికి ఊరికి వస్తాడు. రోజూ రాత్రి తొమ్మిదికి అతని ఫోన్ మోగుతుంది, పక్కకి వెళ్తాడు. స్నేహితులు లవర్ అనుకుని ఏడిపిస్తారు. ఒకరోజు ఒకడు వెనకాలే వెళ్ళి చూస్తాడు, మాత్ర సీసా. అక్కడి నుంచి ఆ స్నేహితుడి మీదే కథ నడుస్తుంది, చెప్పాలా వద్దా, టీ గ్లాసు పంచుకోవాలా వద్దా, వాడికి ఎంత తెలుసు, ఎంత తెలియదు. చివరికి వాడే వెళ్ళి పరీక్ష చేయించుకుంటాడు, ఎందుకంటే వాడికీ తన గురించి భయం ఉంది. మన హీరోకి ఎలా వచ్చిందో ఎక్కడా చెప్పం. ఈ పాయింటు మా క్లాసు అమ్మాయిలు పట్టుబట్టారు, ఎలా వచ్చిందో చెప్పగానే జనం 'అందుకే' అనేస్తారు అన్నారు.

ఇప్పుడు సమస్య ఏంటంటే హీరోగా చెయ్యడానికి ఎవడూ ముందుకు రావట్లేదు. నిజంగానే ఉందనుకుంటారు, పెళ్ళి కాదు అంటున్నారు. చివరికి నేనే చేద్దామనుకుంటున్నా, మా అమ్మ ఒప్పుకుంది, నాన్నకి ఇంకా చెప్పలేదు.

కౌన్సెలింగ్_గది:

చాలా బాగుంది బాబూ. నాన్నకి ముందే చెప్పు, తెర మీద చూసి తెలుసుకోకూడదు. స్నేహితుడు పరీక్షకి వెళ్ళే సీను సరిగ్గా తియ్యి. పరీక్షకి ముందు కౌన్సెలర్ మాట్లాడుతుంది, అతని ఒప్పుకోలు తీసుకుంటుంది, డబ్బు అడగదు. ఒక పరీక్షతో పాజిటివ్ అని చెప్పరు, వేరు వేరు కిట్లతో మూడు పరీక్షలు అయ్యాకే చెప్తారు. కొత్తగా సోకి ఉంటే మొదటి వారాల్లో పరీక్షలో కనపడకపోవచ్చు, అందుకే మళ్ళీ రమ్మంటారు. ఇది డైలాగ్‌లో పెట్టు. 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ నంబరు కూడా ఒక పాత్ర ఫోన్‌లో కొడుతూ పైకి చదివేలా చెయ్యి, టోల్ ఫ్రీ, పేరు చెప్పక్కర్లేదు.

ప్రదర్శన రోజు అక్కడే పరీక్షలు చేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తారు, వద్దు. ఊరి ముందు ఎవరు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు అని లెక్కలు మొదలవుతాయి. దగ్గర్లోని ఐసీటీసీ ఎక్కడ, ఏ టైములో అని చెప్పండి చాలు. ప్రశ్నలకి ఒక డబ్బా పెట్టి చీటీలు వెయ్యమనండి, ఖాళీ చీటీ అయినా సరే అందరూ వెయ్యాలి అనండి, అప్పుడు ఎవరు అడిగారో తెలియదు. రాయలేనివాళ్ళ కోసం మరుసటి రోజు ఆశా కార్యకర్త ఉంటుంది. ఆడవాళ్ళకి విడిగా ఒక షో వెయ్యి, మగవాళ్ళ పక్కన కూర్చుని నోరు విప్పరు.

ఆదోని_నుంచి:

నాదొక రిక్వెస్ట్ బ్రో. మాది కర్నూలు జిల్లా, ఆదోని పక్క. మిరపకాయ కోతకి జనవరి నుంచి మా ఊళ్ళ నుంచి కుటుంబాలకి కుటుంబాలు మీ పల్నాడు వైపే వస్తాయి, మా పెద్దమ్మ వాళ్ళు కూడా వస్తారు. పిల్లల బడి మాన్పించి మూడు నెలలు పొలాల గట్ల మీద గుడిసెలేసుకుని ఉంటారు. వాళ్ళలో ఎవరైనా మందులు వాడుతుంటే ఇక్కడి సెంటర్ వదిలి వచ్చేసరికి మందు మధ్యలో ఆగిపోతుంది, అక్కడ ఎవరిని అడగాలో తెలియదు. డిసెంబర్ 1న మీ ఊళ్ళో వేశాక దాచెయ్యకుండా ఫిబ్రవరిలో ఆ గుడిసెల దగ్గర ఇంకోసారి వెయ్యండి. బయలుదేరే ముందే తన సెంటర్‌లో చెప్తే ఏం ఏర్పాటు చేస్తారో కౌన్సెలర్ అక్క ఇక్కడే రాస్తే ఇంకా మంచిది.

కౌన్సెలింగ్_గది:

చెప్తాను తమ్ముడూ. బయలుదేరే ముందు తన ఏఆర్‌టీ సెంటర్‌లో ఎన్నాళ్ళు బయట ఉంటారో చెప్పాలి. నిలకడగా మందు వాడుతున్నవాళ్ళకి ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇచ్చే వీలుంది. అక్కడికి చేరాక అవసరమైతే సెంటర్‌లో ఇచ్చిన తన చికిత్స పుస్తకం తీసుకుని దగ్గర్లోని ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళొచ్చు. ఆ పుస్తకం ఇంట్లో వదిలేసి రావద్దని మీ పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో అందరికీ చెప్పు, ఎవరికి అని కాకుండా అందరికీ.

పల్నాటి_ఫ్రేమ్:

ఆదోని బ్రో, తప్పకుండా వేస్తాం. కోతకి వచ్చినవాళ్ళు మా పొలంలో కూడా ఉంటారు, ఈ సంగతి మాకెవరికీ తట్టనే లేదు. సినిమాలో కోత కూలీ పాత్ర ఒకటి కలుపుతున్నాం, మందు మధ్యలో ఆగిన మనిషి. ఆ పాత్ర మాట మీ వైపు యాసలో ఉండాలి, మాకు రాదు. డైలాగులు పంపిస్తా, నువ్వు గానీ మీ పెద్దమ్మ గానీ ఫోన్‌లో రికార్డు చేసి పంపగలరా?

ఆదోని_నుంచి:

పంపు బ్రో. పెద్దమ్మ బాగా చెప్తుంది.